పాపాఘ్ని లోయ నేలలో రేడాన్ కొలవడం ఎలా: గుంత నుంచి లెక్క దాకా

వేంపల్లె చుట్టుపక్కల ఏ చేన్లో కడ్డీ దింపినా గనిమ మీద నలుగురు చేరతారు. "సార్, మా నేల్లో యురేనియం ఉందా?" అని అడుగుతారు. తుమ్మలపల్లె యురేనియం గని 2012 నుంచి నడుస్తోంది, అది అక్కడికి దూరమేమీ కాదు. ఆ ప్రశ్న రావడం సహజమే. దానికి నేను తొందరపడి జవాబు చెప్పను. ఎందుకంటే ఆ కడ్డీతో మేం కొలిచేది రేడాన్‌ను, అంటే యురేనియం వరస నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువును. నేలలోని రేడాన్ లెక్క యురేనియాన్ని నేరుగా చూపించదు. ఆ నేలలో ఖాళీలు ఎన్ని, తేమ ఎంత, గాలి ఎంత సులువుగా కదులుతుంది అన్నవి కూడా ఆ లెక్కలో సమానంగా కలిసి ఉంటాయి. వీటిని రాసుకోకుండా తెచ్చిన అంకె ఎంత ఖరీదైన పరికరం ఇచ్చినా పనికిరాదు.

ఇది ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలకూ, వాళ్ళను పొలాల వెంట తిప్పే అధ్యాపకులకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ కడప జిల్లావి. గండి దగ్గర కొండను చీల్చుకుని దిగే పాపాఘ్ని, వేంపల్లె మీదుగా వచ్చి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ లోయే మన ప్రయోగశాల.

ముందు తెలుసుకోవాల్సింది

రాళ్ళలో, మట్టిలో ఉన్న యురేనియం-238 క్రమంగా విఘటనం చెందుతూ రేడియం-226గా, అది రేడాన్-222గా మారుతుంది. రేడియం అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 1,600 ఏళ్ళు. రేడాన్‌ది 3.82 రోజులే. రంగు, వాసన లేని వాయువు కాబట్టి, పుట్టిన చోటు నుంచి కదిలి రాగలదు. దీనికి తోబుట్టువు లాంటిది థోరాన్, అంటే రేడాన్-220. ఇది థోరియం వరస నుంచి పుడుతుంది, దీని అర్ధాయువు 55.6 సెకన్లు. గ్రానైట్‌లలో థోరియం కూడా ఉంటుంది. పాపాఘ్ని ఎగువన రాయచోటి వైపు ఉన్నదంతా గ్రానైటే కాబట్టి ఆ ఏరు తెచ్చిన ఒండ్రులో థోరాన్‌ను మరిచిపోతే లెక్క తప్పుతుంది.

రేడియం అణువు విఘటనం చెందినప్పుడు కొత్తగా పుట్టిన రేడాన్ అణువు వెనక్కి తన్నుకుంటుంది. ఖనిజం లోపల ఆ తన్ను కొన్ని పదుల నానోమీటర్ల దూరమే సాగుతుంది. అందుకే రేణువు పైపొరలో పుట్టిన రేడాన్ మాత్రమే బయట పడుతుంది, లోపల పుట్టింది లోపలే ఉండిపోతుంది. బయటపడింది కూడా గాలి నిండిన సందును దాటి ఎదుటి రేణువులో దూరిపోవచ్చు. ఆ సందులో పలచని నీటి పొర ఉంటే మాత్రం అక్కడే ఆగి, తర్వాత గాలిలో కలుస్తుంది. ఎండి పొడైన నేల కంటే కాస్త చెమ్మ ఉన్న నేల ఎక్కువ రేడాన్ వదలడానికి కారణం ఇదే. చెమ్మ మరీ పెరిగి సందులన్నీ నీటితో నిండితే దారి మూసుకుపోతుంది. అంటే తేమ ఒక హద్దు దాకా లెక్కను పెంచుతుంది, ఆ తర్వాత దాన్నే తారుమారు చేస్తుంది.

చోటు ఎంచుకోవడం

ఏటికి అడ్డంగా ఒక గీత గీసుకోండి. ఏటి ఇసుక, గట్టు మీది ఒండ్రు, ఆ తర్వాత ఎర్రనేల లేదా రేగడి, చివర కొండ పాదం దగ్గరి గరుసు. ఈ నాలుగూ ఒకే గీత మీదకు వచ్చేలా చూసుకుంటే ఒక రోజులోనే లోయ మొత్తం స్వభావం కనిపిస్తుంది. కింద ఏ రాయి ఉందో భూగర్భ పటంలో చూసుకోండి. గండికి దక్షిణాన గ్రానైట్, దాని మీద గుల్చెరు క్వార్ట్జైట్, ఆపైన వేంపల్లె డోలమైట్ సున్నపురాయి. తుమ్మలపల్లెలో యురేనియం దొరికింది ఈ వేంపల్లె పొరల్లోనే.

ఏటి నడుమ ఇసుకలో కొలవాలని అందరికీ ఆశ పుడుతుంది. వద్దంటాను. అక్కడ చెలమ తీస్తే చాలు నీళ్ళు ఊరతాయి, కడ్డీ నీళ్ళలో దిగితే గాలి రాదు. గట్టుకు ఎగువన, వరద చాలా ఏళ్ళుగా ఎక్కని చోటు చూడండి. కొత్తగా దున్నిన చేను, పుట్ట పక్కన, పాత బావి ఒర దగ్గర, బోరు పాయింటు దగ్గర కొలవకండి. ఇవన్నీ నేలకు కిటికీల్లాంటివి, గాలి అక్కడి నుంచి తప్పించుకుపోతుంది. రేగడిలో ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటాయి. నెర్రెకు కనీసం రెండు మీటర్ల దూరం పాటించండి. నెర్రెలో ఒకసారి, నెర్రెకు దూరంగా ఒకసారి కొలిచి తేడా చూడడం మాత్రం మంచి ప్రయోగమే, దాన్ని విడిగా రాసుకోండి.

ప్రతి చోటా మూడు గుంతలు తప్పనిసరి, ఒకదానికొకటి రెండు మూడు మీటర్ల దూరంలో. ఒకటే గుంత తీసి "ఈ ఊరి రేడాన్ ఇంత" అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు చూసి బాధపడ్డాను. నేల ఒక గజంలోనే మారిపోతుంది. రైతును ముందే కలిసి అనుమతి తీసుకోండి, గని లీజు హద్దుల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకండి.

నీటి పారుదల ఎప్పుడో అడగడం మరీ ముఖ్యం. మొదటి ఏడాది ఒక వేరుశనగ చేన్లో పన్నెండు కప్పులు (లోపల రేడాన్ గుర్తులు పడే ఫిల్మ్ అతికించిన గ్లాసులు) పాతి పదిరోజులకు వదిలేశాం. మూడో రోజు రాత్రి కరెంటు వచ్చిందని రైతు నీళ్ళు వదిలాడు. పోయి చూస్తే తొమ్మిది గుంతలు నిండి ఉన్నాయి. "ముందే చెప్పుంటే ఆ మడి వదిలేసుండే వాన్ని కద సార్" అన్నాడాయన నొచ్చుకుంటూ. తప్పు మాదే. అప్పటి నుంచి "నీళ్ళు ఎప్పుడు కట్టల్ల?" అన్నదే మా మొదటి ప్రశ్న.

లోతు

నేల పైభాగంలో రేడాన్ గాలిలోకి పోతూ ఉంటుంది కాబట్టి కిందికి పోయే కొద్దీ గాఢత పెరుగుతుంది. రేడాన్ వ్యాపించగల సగటు దూరం ఒక మీటరు అనుకుంటే, బాగా లోతులో ఉండే గాఢతలో 30 సెంటీమీటర్ల దగ్గర 26 శాతం, 50 దగ్గర 39 శాతం, 80 దగ్గర 55 శాతం, మీటరు దగ్గర 63 శాతం మాత్రమే కనిపిస్తుంది. ఒక గుంత 50, పక్క గుంత 40 సెంటీమీటర్లు తవ్వితే, నేల ఒకటే అయినా లెక్క 16 శాతం తగ్గుతుంది. టేపు పెట్టి కొలవండి, గడ్డపార మీద గుర్తు పెట్టుకుని సరిపెట్టకండి. కడ్డీతో గాలి లాగే పద్ధతికి 80 సెంటీమీటర్లు మంచి లోతు, చాలా దేశాల్లో ఇదే వాడతారు. ఫిల్మ్ కప్పులకు 50 సరిపోతుంది. ఏదో ఒకటి పట్టుకుని సర్వే మొత్తం దానికే కట్టుబడండి.

కడ్డీతో గాలి లాగి కొలవడం

వెల్డింగ్ షాపులో బోలు ఉక్కు గొట్టం చేయించుకోండి. మీటరు పొడవు, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు. కొనకు వదులుగా కూర్చునే ఒక మొన ఉండాలి. సమ్మెటతో 80 సెంటీమీటర్ల దాకా దించాక, లోపలికి సన్న ఊచ పెట్టి ఒక్క దెబ్బ కొడితే మొన ఊడి కింద చిన్న ఖాళీ ఏర్పడుతుంది. గాలి ఆ ఖాళీ నుంచి వస్తుంది. గొట్టం నేలను వీడే చోట చుట్టూ తడి రేగడి మట్టి ముద్ద అదిమి మూయండి. గొట్టం అటూ ఇటూ ఊగిందంటే దాని పక్కన సందు పడినట్టే. ఆ గుంత వదిలేసి మీటరు పక్కన మళ్ళీ దించండి.

ఇప్పుడు పైకొసకు రబ్బరు ట్యూబు తగిలించి 150 మిల్లీలీటర్ల సిరంజితో లాగండి. గొట్టంలోనే 50 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది, కాబట్టి మొదటి సిరంజి పారబోయాలి. లాగేటప్పుడు చేతికి తెలిసే బిగువును గమనించండి. ఇసుక కలిసిన ఒండ్రులో పిస్టన్ వెన్నలా జారుతుంది. తడి రేగడిలో లాగి వదిలితే వెనక్కి దూసుకుపోతుంది. సులువు, మధ్యస్థం, కష్టం అని మూడు మాటల్లో నోటుబుక్కులో రాయండి. నేలలో గాలి పారే గుణానికి ఇది చవకైన కొలత, తర్వాత అంకెలు అర్థం కానప్పుడు ఇదే దారి చూపుతుంది.

గాలి చొరబడుతోందా అన్నది ఎప్పుడూ పరీక్షించాల్సిందే. పంపు ఆన్ చేసి గొట్టం మొదట్లో వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ మట్టి ముద్ద వైపు ఒంగితే పగులు ఉందని అర్థం. ఇంకో పరీక్ష: 40 సెంటీమీటర్ల దగ్గరా 80 దగ్గరా ఒకే లెక్క వస్తే లీకేజీ అనుమానించండి. మాకు ఒకసారి చెన్నూరు వైపు పెన్న గట్టు మీద వరసగా నాలుగు గుంతల్లో బయటి గాలి కన్నా కొంచెం ఎక్కువ అంకెలు వచ్చాయి. నేలలో రేడియం లేదనుకున్నాం. మట్టి ముద్ద ఎండకు ఎండిపోయి వెంట్రుక వాసి పగిలింది, అంతే. తడి గోనె కప్పి మళ్ళీ లాగితే లెక్క వేలల్లోకి పోయింది.

ఎక్కువ సేపు లాగకండి. నిమిషానికి లీటరు చొప్పున అరగంట లాగితే 30 లీటర్లు. నేలలో ఖాళీలు 30 శాతం అనుకుంటే ఆ గాలి 100 లీటర్ల మట్టి నుంచి వచ్చినట్టు, అంటే చుట్టూ 29 సెంటీమీటర్ల వ్యాసార్థం దాకా ఖాళీ చేసినట్టు. 80 లోతున ఫరవాలేదు. 30 లోతున అయితే పైనున్న గాలినే లాగుతున్నారు.

గాలిని ఎందులోకి పంపాలి? లూకాస్ సెల్ అనే సింటిలేషన్ డబ్బా పాతది, నమ్మకమైనది. విఘటనంలో వెలువడే ఆల్ఫా కణం తగిలితే దాని లోపలి పూత మెరుస్తుంది, ఆ మెరుపులనే లెక్కిస్తాం. అందులో గాలి నింపాక మూడు గంటలు ఆగితే రేడాన్, దాని పొట్టి ఆయువు సంతానం (అది విఘటనం చెందితే పుట్టే మూలకాలు) సమస్థితికి వస్తాయి. అప్పుడు లెక్కించాలి. ఈ మూడు గంటల్లో థోరాన్ పూర్తిగా పోతుంది. కానీ దాని సంతానంలో సీసం-212 అర్ధాయువు 10.6 గంటలు, అది సెల్ గోడలకు అంటుకుని తర్వాతి నమూనాను చెడగొడుతుంది. అందుకే గొట్టంలోంచి తీసిన గాలిని సిరంజిలోనే ఐదు నిమిషాలు ఆపి తర్వాత సెల్‌లోకి పంపండి. ఐదు నిమిషాలకు థోరాన్ 2 శాతానికి కొంచెం పైన మిగులుతుంది, పది నిమిషాలకు దాదాపు ఏమీ ఉండదు.

రాడ్-7 లాంటి సెమీకండక్టర్ యంత్రాలు ఆల్ఫా కణాల శక్తిని బట్టి రేడాన్‌నూ థోరాన్‌నూ వేరుగా చూపిస్తాయి, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) రూపొందించిన స్మార్ట్ ఆర్ఎన్‌డ్యుయో కూడా రెండింటినీ కొలుస్తుంది. నేల గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది కాబట్టి సెమీకండక్టర్ యంత్రానికి ముందు గాలిని ఆరబెట్టే గొట్టం తప్పనిసరి. ఆ గొట్టంలోని నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు మారిందంటే మార్చేయండి. నమూనా గాలిని కాలేజీకి తెచ్చి మరుసటి రోజు లెక్కిస్తే 83 శాతమే మిగిలి ఉంటుంది, రెండు రోజులకు 70 శాతం. తీసిన నిమిషం, లెక్కించిన నిమిషం రెండూ రాసుకుంటేనే సరిదిద్దగలరు.

ఫిల్మ్ కప్పుల పద్ధతి

పరికరం లేని కాలేజీకి ఇదే దారి. సర్వే అంటే నాకు ఇష్టమైన పద్ధతి కూడా ఇదే, ఎందుకంటే ఇది ఒక్క క్షణాన్ని కాక పది రోజుల సగటును ఇస్తుంది. ఎల్‌ఆర్-115 టైప్ 2 అనే ఎర్రటి ఫిల్మ్ వాడతాం. పాలియెస్టర్ పట్టీ మీద 12 మైక్రాన్ల సెల్యులోజ్ నైట్రేట్ పొర అది. ఆల్ఫా కణం దూరిన చోట కంటికి కనపడని గాయం మిగులుతుంది.

రెండు సెంటీమీటర్ల చదరపు ముక్కలు కత్తిరించి, ఒక మూల సూదితో నంబరు గీకండి, పెన్నుతో రాస్తే కాస్టిక్ సోడాలో కరిగిపోతుంది. ప్లాస్టిక్ గ్లాసు అడుగున లోపలివైపు, ఎర్రపొర గ్లాసు మూతి వైపు ఉండేలా అతికించండి. మూతికి పలచని పొర కట్టాలి. అది తేమనూ థోరాన్‌నూ ఆపుతుంది, రేడాన్ మెల్లగా లోపలికి చేరుతుంది. పొర చిరిగితే ఆ కప్పు లెక్కలోకి రాదు. 50 సెంటీమీటర్ల గుంత తవ్వి, గ్లాసు బోర్లించి దించి, గుంత నోటికి పలక వేసి, ఆ పైన తీసిన మట్టే కప్పండి. వేరే మట్టి తెచ్చి వేయకండి. మేకలు, కుక్కలు పీకకుండా రాళ్ళు పేర్చి, దగ్గర్లో కర్ర పాతండి.

కప్పులు ఎండలో నిలబెట్టిన కారులో పెట్టి మరచిపోవద్దు. మే నెలలో లోపలి వేడికి సెల్యులోజ్ నైట్రేట్ పాడవుతుంది. ప్రతి పది ఫిల్ములకు ఒకటి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి చల్లటి చోట ఉంచండి. దాని మీద వచ్చే గుర్తులే మీ సొంత బ్యాక్‌గ్రౌండ్.

పదోరోజు తీశాక ఎచింగ్, అంటే ఆ గాయాలు కంటికి కనపడేలా పొరను కాస్త కరిగించడం. 2.5 నార్మల్ కాస్టిక్ సోడా, అంటే లీటరుకు 100 గ్రాములు. నీళ్ళలోకి సోడా కొద్దికొద్దిగా వేయండి, సోడా మీద నీళ్ళు పోయకండి. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు ఉండాల్సిందే. 60 డిగ్రీల వాటర్‌బాత్‌లో 90 నిమిషాలు ఉంచితే చాలు. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా పొర తినే వేగం మారుతుంది, కాబట్టి థర్మామీటరు పక్కనుంచి లేవకండి. నేను పిల్లలకు అలారం పెట్టుకోమని కాదు, అక్కడే కూర్చోమని చెబుతాను. తీశాక కొళాయి నీళ్ళలో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి ఆరనివ్వండి.

ఇప్పుడు మైక్రోస్కోప్ కింద పెడితే ఎర్రటి నేపథ్యంలో తెల్లని చుక్కలు, పిండి జల్లినట్టు కనిపిస్తాయి. కొన్ని గుండ్రం, కొన్ని ఏటవాలుగా దూరినందుకు కోడిగుడ్డు ఆకారం. ఆ చుక్క ఒక్కొక్కటీ నేలలోని ఒక అణువు తన జీవితం ముగించిన గుర్తు. ఆ మొదటి చూపు కోసం పిల్లలు పొలంలో పడ్డ కష్టమంతా మరచిపోతారు. చుక్కలను తనే లెక్కించే స్పార్క్ కౌంటరు ఉన్నా, నేలలో పెట్టిన ఫిల్ముల మీద చుక్కలు మరీ ఎక్కువ కాబట్టి ఒకదానికొకటి కలిసి లెక్క తగ్గుతుంది. మైక్రోస్కోప్‌తోనే చేయండి.

ఒక లెక్క చూడండి. చదరపు సెంటీమీటరుకు 2,420 గుర్తులు, బ్యాక్‌గ్రౌండ్ 20, పదిరోజులు. తీసేస్తే రోజుకు 240. ఘనపు మీటరుకు ఒక బెక్వెరెల్‌కు (సెకనుకు ఒక విఘటనానికి) రోజుకు 0.02 గుర్తులు అనే క్యాలిబ్రేషన్ అయితే, 240ని 0.02తో భాగిస్తే 12,000 బెక్వెరెల్‌లు. 400 రెట్ల కింద ఒక చూపు (మైక్రోస్కోప్‌లో ఒకసారి కనిపించే వలయం) విస్తీర్ణం సుమారు 0.0016 చదరపు సెంటీమీటర్లు, అంటే చూపుకు నాలుగు చుక్కల లోపు. వంద చూపులు లెక్కిస్తే 385 దాకా వస్తాయి, దోషం 5 శాతం. ఇరవై చూపులతో ఆపేస్తే దోషం 11 శాతానికి పెరుగుతుంది. ఆ 0.02 అన్న అంకె మాత్రం మీ కప్పుది కాకపోవచ్చు, కప్పు ఆకారాన్ని బట్టి మారుతుంది. తెలిసిన గాఢత ఉన్న రేడాన్ గదిలో మీ కప్పులను ఒకసారి పెట్టి మీ అంకె తెచ్చుకోండి.

అంకె చూసి ఏమనాలి

ముందు ఊహ ఒకటి వేసుకోండి. కిలో మట్టిలో 30 బెక్వెరెల్‌ల రేడియం, అందులో బయటపడేది ఐదో వంతు, ఘనపు మీటరు ఎండు మట్టి బరువు 1,500 కిలోలు, ఖాళీలు 40 శాతం. 30ని 0.2తో, 1,500తో గుణించి 0.4తో భాగిస్తే 22,500. అంటే మామూలు నేలలో, ప్రత్యేకంగా యురేనియం ఏమీ లేకపోయినా, లోతున గాఢత ఇరవై వేలకు పైనే ఉండొచ్చు. స్వీడన్‌లో 10,000 లోపు తక్కువ, 10,000 నుంచి 50,000 దాకా మామూలు, ఆపైన ఎక్కువ అని వర్గీకరిస్తారు.

రైతులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇళ్ళలోపలి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌లు, అది కుదరకపోతే 300. ఆ అంకె ఎక్కడో విని, తన చేన్లో పన్నెండు వేలు అని తెలిస్తే ఏ మనిషైనా హడలిపోతాడు. నేల గాలిని ఎవరూ పీల్చరని, బయటికి రాగానే అది బయటి గాలిలో కలిసి పలచబడుతుందని ముందు చెప్పి, తర్వాత అంకె చెప్పండి. ఇంట్లో ఎంత ఉందో తెలియాలంటే ఇంట్లోనే కొలవాలి. ముఖ్యంగా నాపరాళ్ళ సందులు తెరిచి ఉండి, కిటికీలు తక్కువగా ఉన్న ఇళ్ళలో.

రెండు చోట్లను పోల్చేటప్పుడు ఒకే లోతు, ఒకే వారం, వానకు ఒకే దూరం ఉండాలి. జల్లు పడితే పైపొర మూతలా బిగుసుకుని కింద గాఢత పెరుగుతుంది, వాతావరణ పీడనం పడిపోతే నేల గాలి పైకి లాగబడుతుంది. ఈ మార్పులు పట్టుబడాలంటే ఒక గుంతను శాశ్వతంగా ఉంచి, ప్రతిసారీ ముందు దాన్నే కొలిచి తర్వాత మిగతావి కొలవండి. ఆ గుంత మారితే మిగతావి కూడా వాతావరణం వల్లే మారాయని తెలుస్తుంది. ప్రతి చోటు నుంచి పిడికెడు మట్టి గట్టి మూత సీసాలో తెచ్చి, తూచి, ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ తూచండి. తేమ శాతం ఆ అంకె పక్కనే ఉండాలి.

కడ్డీలు పీకాక, కప్పులు తీశాక గుంతలన్నీ మట్టితో నింపి కాలితో తొక్కండి. రాత్రి ఎద్దు కాలు దిగితే విరుగుతుంది. వారం తర్వాత లెక్క తయారయ్యాక ఆ రైతు దగ్గరికి మళ్ళీ పోయి, తెల్ల కాగితం మీద తెలుగులో అంకె, లోతు, తేదీ, అర్థం రాసి చేతికి ఇవ్వండి.